గడ్డిలో మాగిన రేడియోలు

ఇన్నమ్మ వేలు పడితే మామిడికాయ అబద్ధమాడలేదని నూజివీడు మార్కెట్లో పేరు. తొడిమ పక్కన బొటనవేలితో చిన్నగా ఒత్తి, ఇది రేపటికి, ఇది ఎల్లుండికి, దీంట్లో పురుగుంది అని గొణుక్కుంటూ దేని గంపలోకి దాన్ని వేసేసేది. పద్దెనిమిదేళ్లు నరసింహులు మేస్త్రీ కొట్లో ఆ పనే చేసింది. నరసింహులు ఎలాంటి మనిషంటే, గంపలో పై వరసంతా నిగనిగలాడే కాయ పేర్పించి అడుగున దెబ్బకాయ సర్దించే రకం. ఒకరోజు గుంటూరు నుంచి వచ్చిన బేరగాడెవరో గంప బోర్లించి చూసి కేకలేస్తే, మేస్త్రీ తడుముకోకుండా, "అదిగో ఆ ఇన్నమ్మ సర్దిందండీ, ముసల్దైపోయింది, కళ్ళు కనపడవు" అనేశాడు.

ఇన్నమ్మకి అప్పటికి నలభై రెండేళ్లు. కళ్ళా, ఆరు బారల దూరంలో ఉన్న కాయ మీద మచ్చ చెప్పగల కళ్ళు. నెత్తిమీది చుట్టకుదురు తీసి మేస్త్రీ కాళ్ళ ముందు పడేసి, "ఇది నువ్వే పెట్టుకో, నువ్వే మొయ్యి. నీ కొట్టు గడప మళ్ళీ తొక్కితే అడుగు" అని నలుగురూ వినేట్టు అనేసి వచ్చేసింది.

మాట అనడం ఒక నిమిషం పని. ఆ తర్వాత తినడమే రోజూ పని. ఇన్నమ్మకి వెనకా ముందూ ఎవరూ లేరు. సరిగ్గా అప్పుడే ఆవిడకి శౌరి పని ఇచ్చాడు. శౌరి చర్చి పక్క సందులో పుట్టి పెరిగిన కుర్రాడే. మిలిటరీలో వైర్‌లెస్ పని నేర్చుకుని వచ్చి, బస్టాండు వెనక కనకమ్మ గారి గది అద్దెకి తీసుకుని, 'శౌరి రేడియో, నూజివీడు' అని బోర్డు కట్టాడు. ఎవరైనా "రిపేరు షాపా?" అంటే అతనికి ఒళ్ళు మండేది. "రిపేరు కాదండీ, తయారీ" అనేవాడు. నిజమే, తయారీయే. మామిడిపళ్ళ పెట్టెలు కొట్టే వడ్రంగి చేత మామిడిచెక్కతోనే పెట్టె చేయించి, తీగలు, కాయిళ్ళు తెచ్చి, లోపల అంతా తనే అమర్చేవాడు. ఆ సన్న తీగలకి సీసం కరిగించి టాకాలు వెయ్యడానికి వణకని చెయ్యి కావాలని ఇన్నమ్మని పెట్టుకున్నాడు. పదిరోజుల్లో ఆవిడ టాకా శౌరి టాకా కన్నా నున్నగా వచ్చింది. అతను ఆవిడని అత్తా అంటాడు, ఆవిడ అతన్ని బాబూ అంటుంది.

ఇక ఆ రేడియోలకి ప్రాణం ట్రాన్సిస్టర్లు. కందిబేడంత లోహపు టోపీ, కింద మూడు సన్నటి కాళ్ళు. అలాంటివి ఒక్కో రేడియోకి ఏడు. కరెంటు అక్కర్లేదు, టార్చిలైటు బ్యాటరీలు నాలుగేస్తే చాలు, తోటలో మంచె మీద కూర్చుని కూడా బెజవాడ కేంద్రం వినొచ్చు. వాటిని సొంతంగా చేసే శక్తి శౌరికి లేదు, కొనాల్సిందే. కొనడంలోనే వచ్చింది తంటా అంతా.

పోయినేడు, అంటే అరవై ఐదు వేసవిలో, శౌరి ఐదు రేడియోలు చేసి చాట్రాయి వైపు తోటల వాళ్ళకి అమ్మాడు. రోహిణీ కార్తె వచ్చింది. మధ్యాహ్నం రెండు కొట్టేసరికి ఐదింటికి ఐదూ కల్లు తాగినట్టు మాట ముద్దయిపోయి, మూలిగి, పడుకున్నాయి. సాయంత్రం చల్లబడగానే లేచి శుభ్రంగా పాడాయి. రైతు పొద్దున్నే బస్సెక్కి రేడియో మోసుకొచ్చి, "పాడట్లేదండీ" అని బల్లమీద పెడితే అది ఇక్కడ గొంతెత్తి పాడేది. పాపం, రైతు వెర్రిమొహం వేసేవాడు. వారం తిరక్కుండా 'శౌరి గారి రేడియో భోంచేసి కునుకు తీస్తుంది' అని ఊరూరా పాకిపోయింది. ఐదుగురూ రేడియోలు తిరిగిచ్చేశారు.

ఆ ట్రాన్సిస్టర్లు గరుడ మార్కువి. వాటిని తెచ్చిపెట్టే ఏజెంటు ఆంజనేయులు బెజవాడ మనిషి. బొద్దుగా ఉంటాడు, పాలిష్ పెట్టిన బూట్లు వేస్తాడు, వచ్చినప్పుడల్లా క్యాలెండరో డైరీయో చేతిలో పెడతాడు. శౌరి నిలదీస్తే, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, "మా సరుకు దేశమంతా వాడుతోందండీ శౌరి గారూ, ఎక్కడా మాట రాలేదు. మామిడికాయలు ఏరుకునే మనిషి చేత టాకాలు వేయిస్తే ఇదిగో ఇలాగే ఉంటుంది" అన్నాడు. ఇన్నమ్మ అక్కడే ఉంది. శౌరి వైపు చూసింది. శౌరి అవుననలేదు, కాదనలేదు. మర్నాటి నుంచి రెండు రోజులు కూర్చుని ఆవిడ వేసిన టాకాలన్నీ ఊడదీసి మళ్ళీ తనే వేశాడు. ఇన్నమ్మకి గుండెల్లో కలుక్కుమంది. మేస్త్రీ తిట్టాడు, ఇతను తిట్టలేదు, కానీ ఇదే ఎక్కువ నొప్పి పుట్టింది.

ఈ ఏడు కరెంటు లేని పదిహేను ఊళ్ళకి పదిహేను రేడియోలు కావాలని పంచాయతీ సమితి ఆఫీసు వాళ్ళు అడిగారు. బెజవాడ కంపెనీలు దిగబడకముందే శౌరి వెళ్ళి ఒప్పించుకుని వచ్చాడు. మే నెలాఖరులోగా ఇవ్వాలి. పదిహేనూ ఒక్కసారే ఇవ్వాలి. ఎండల్లో ఆగకూడదు.

"ఇది కూడా పోయిందంటే బోర్డు దింపేస్తానత్తా. బెజవాడలో ఎవడి కొట్లోనో కూర్చుని రిపేర్లు చేసుకుంటా" అన్నాడు శౌరి.

అతనికైతే బెజవాడ ఉంది. ఇన్నమ్మకి ఏముంది? నరసింహులు కొట్టు ఉంది. పడేసి వచ్చిన చుట్టకుదురు వొంగి తీసుకుని నెత్తిన పెట్టుకోవాలి. మేస్త్రీ అప్పుడు ఏ మొహం పెట్టుకుని నవ్వుతాడో కూడా ఆవిడకి కళ్ళకి కట్టింది.

ఇదిలా ఉండగా గరుడ మార్కుకి పోటీగా నెమలి మార్కు దిగింది. దాని ఏజెంటు పరదేశి విశాఖ వైపు మనిషి. సన్నగా, నల్లగా, ఎప్పుడూ పంటినొప్పి ఉన్నవాడిలా ఉంటాడు. క్యాలెండర్ ఇవ్వడు, నవ్వు కూడా ఇవ్వడు. ధర మాత్రం రెండణాలు ఎక్కువ చెప్తాడు. ఆంజనేయులూ పరదేశీ బస్టాండులో ఎదురుపడితే ఒకడు సోడా కొట్టు వైపు, ఇంకొకడు పత్రికల వైపు మొహం తిప్పుకుంటారు. ఇద్దరూ చెరో పాతిక ట్రాన్సిస్టర్లు మచ్చుకిచ్చి, పరీక్ష చేసుకుని తిరిగివ్వండి అన్నారు. గరుడ టోపీ మీద ఆకుపచ్చ చుక్క, నెమలి టోపీ మీద నీలం చుక్క.

శౌరి ఒక మీటరు అమర్చాడు. ట్రాన్సిస్టరు కాళ్ళు గుచ్చితే ముల్లు కదులుతుంది. లోపల కరెంటు ఎంత కారుతోందో చెప్తుంది. ముల్లు ఎక్కడ దాటితే సరుకు పనికిరాదో అక్కడ గాజు మీద ఎర్ర సిరాతో గీత గీశాడు. గరుడ పాతికా గీత లోపలే. నెమలి పాతికా లోపలే.

"వేడికేమవుతాయో?" అంది ఇన్నమ్మ.

"వేడికే అత్తా ఇవి ఎక్కువ కారేది. కానీ ఎండలో పెడితే ఓ మబ్బొస్తుంది, ఓ గాలొస్తుంది, లెక్క తేలదు."

"మాగేసే కొట్టు ఉందిగా."

శౌరి మొదట నవ్వాడు. తర్వాత నవ్వు ఆపాడు. కనకమ్మ గారి పెరట్లో కాయలు మాగేసే కొట్టుంది. కిటికీ లేని మట్టిగది, మోకాలెత్తు వరిగడ్డి, గడ్డి మధ్య వరసలుగా కాయ. తలుపేస్తే లోపల పొయ్యి మీద మూత పెట్టినట్టే. మబ్బు లేదు, గాలి లేదు. ఇన్నమ్మ యాభై ట్రాన్సిస్టర్లనీ గుడ్డలో మూటగట్టి పెద్దరసాల మధ్య పాతిపెట్టింది. మర్నాడు మధ్యాహ్నం అక్కడే మీటరు పెట్టుకుని, చెమట ధారలు కడుతుంటే ఒక్కొక్కటీ చూశారు. అన్నీ గీత లోపలే నిలబడ్డాయి.

శౌరి నెత్తిన పాలు పోసినట్టయింది. "ఇంకేం, రెండూ మంచివే. గరుడ చవక. దానికే కాయితం రాసేస్తా."

"ఇవి పై వరస బాబూ."

"అంటే?"

"గంపకి పై వరస ఎలా ఉంటుందో నన్నడుగు. పద్దెనిమిదేళ్లు పేర్చినదాన్ని. చూపించడానికి ఏరి ఇచ్చిన పాతిక ఇవి. మనకి రేపొచ్చే మూట ఇలా ఉండదు. పైన పటారం, లోన లొటారం. అడుగు చూడకుండా బేరం చెయ్యకు."

"అడుగెలా చూస్తాం? ఏజెంటు సంచి మనం విప్పుతామా?"

"విప్పుదాం" అంది ఇన్నమ్మ, అదేదో గుడ్డలు ఆరేద్దాం అన్నంత తేలిగ్గా.

గురువారం రమ్మని ఇద్దరు ఏజెంట్లకీ విడివిడిగా కబురెళ్ళింది. బేరం ఖాయం చేసుకుందాం, పన్నెండింటికి రండి, మా నూజివీడు రసాలు తిని వెళ్ళండి అని. ఇద్దరూ ఏలూరు వైపు సరుకు ఇచ్చుకునే రోజు అదేనని ఇన్నమ్మ ముందే వాకబు చేసుకుంది. మామిడి దేశంలో వేసవిలో పండు పెట్టకుండా బేరం మాట్లాడటం మర్యాద కాదు, పెట్టిన పండు తినకుండా లేవడం అంతకన్నా కాదు. ఆ సంగతి ఇద్దరు ఏజెంట్లకీ తెలుసు. కాకపోతే ఎదుటివాడు కూడా వస్తున్నాడన్న సంగతి ఇద్దరికీ తెలియదు.

ముందు ఆంజనేయులొచ్చాడు. "గదిలో చోటు లేదండీ, ఇటు రండి" అని ఇన్నమ్మ ఆయన్ని తిన్నగా మాగేసే కొట్లోకి తీసుకెళ్ళి పీట వేసింది. ఐదు నిమిషాలకి పరదేశి వచ్చాడు. ఆయనకీ ఎదురుగా పీట వేసింది. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకుని లేవబోయారు గానీ, అప్పటికే ఇద్దరి చేతుల్లోనూ పిసికి మెత్త చేసిన చిన్నరసాలు పెట్టేసింది.

చిన్నరసం కోసుకుని తినే పండు కాదు. ముచిక తీసి నోట పెట్టి జుర్రుకోవాలి. రెండు చేతులూ కావాలి. రసం మణికట్టు దాటి మోచేతి దాకా కారుతుంది. అది తింటున్న మనిషి ఈగని కూడా తోలుకోలేడు. మేలో, మిట్టమధ్యాహ్నం, గడ్డి ఆవిర్లు కక్కుతున్న కొట్లో, పాలిష్ బూట్లు విప్పి పీట మీద కూర్చున్న ఆంజనేయులు మూడో పండు మీదున్నాడు. పరదేశి కూడా మొహం ముడుచుకునే తింటున్నాడు గానీ నాలుగో పండు మీదున్నాడు. అప్పుడు ఇన్నమ్మ చీరకొంగుతో చేతులు తుడుచుకుని, గోడవారన వాళ్ళిద్దరూ పెట్టుకున్న సంచుల దగ్గర చతికిలబడింది.

"ఏలూరు వాళ్ళకిచ్చే సరుకు ఇందులోనే ఉందా అండీ? ఒక్కసారి చూసి పెట్టేస్తా."

"ఏయ్ ఏయ్! ఆగమ్మా! అది వేరేవాళ్ళది!" ఆంజనేయులు లేవబోయాడు. టెంక చేతిలోంచి జారింది, పట్టుకోబోయాడు, రసం చొక్కా మీద పడింది. ఆ చేతులతో సంచి లాక్కోవాలంటే ఉన్న కాయితాలన్నీ పాడు. పరదేశి లేవలేదు. చూస్తూ ఉండిపోయాడు.

ఇన్నమ్మ చెరో పొట్లం విప్పి, గుప్పెడు గుప్పెడు గడ్డిలోకి తోసి, ఇంకో విడత పళ్ళు వడ్డించింది. మర్యాద! ఎవరు కాదంటారు? ఆ పళ్ళయ్యేసరికి ట్రాన్సిస్టర్లకి కొట్టు వేడి బాగానే పట్టింది. శౌరి మీటరు తెచ్చి ఒక్కొక్కటే గుచ్చాడు. ముల్లు గీత దాటింది. ఇంకోటి పెట్టాడు, దాటింది. ఒకటి నిలబడింది. తర్వాతది ముల్లుని ఆ కొసకి తోసేసింది. గరుడలోనూ అంతే, నెమలిలోనూ అంతే. మూడింట ఒకటి మంచిది, రెండు కునుకు తీసే సరుకు.

ఈలోగా ఇన్నమ్మ వేలు ఊరుకోలేదు. నూనె రాసి మెరిపించిన కాయని గోటితో గీరి చూడటం ఆవిడకి అలవాటు. గరుడ టోపీ మీద ఆకుపచ్చ చుక్కని గీరింది. పచ్చ రాలి, కింద ఎర్ర చుక్క కనపడింది. నెమలి నీలం చుక్కని గీరింది. దాని కిందా అదే ఎరుపు. రెండింటినీ అరచేతిలో పక్కపక్కన పెట్టి చూసింది.

"ఏదో వట్టి మాట అనుకోండి" అంది తలెత్తకుండా. "మా మార్కెట్లో కొంతమంది ఉంటారు. ఒకే తోటలో, పెద్ద బేరగాళ్ళు వద్దని వదిలేసిన కాయ ఏరుకొచ్చి, రెండు గంపల్లో పోసి, రెండు పేర్లు పెట్టి, ఆ గంపకీ ఈ గంపకీ పోటీ అంటారు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆంజనేయులు గయ్యిమన్నాడు. ఇన్నమ్మ మీద కాదు, పరదేశి మీద. "చూశావా? నీ మూలంగానే! గవర్నర్‌పేట గోడౌన్లో నేను ఏరుకున్నాక మిగిలింది తెచ్చుకునేవాడివి, నీలం కాకపోతే ఇంకో రంగు పూసుకోలేకపోయావా? రంగు కూడా గోటికి రాలేదే దొరికిందా నీకు?"

"పచ్చ కూడా రాలిందండి" అన్నాడు పరదేశి నింపాదిగా.

 శౌరి నవ్వడం మొదలుపెట్టాడు. మీటరు కింద పెట్టి, గడ్డిలో కూర్చుని, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాడు. ఆ కళ్ళనీళ్ళన్నీ నవ్వువి కావు. "అత్తా" అన్నాడు కొంచెం తేరుకున్నాక. "పోయినేడు నీ టాకాలన్నీ ఊడదీశాను."

"చూశాను బాబూ."

"తప్పు చేశాను."

"చేశావు" అంది ఇన్నమ్మ. పెద్దమనసు చేసుకుని లేదులే అనాల్సింది. అనబుద్ధి కాలేదు, అనలేదు. అయినా గుండెల్లోది కొంత కిందకి దిగింది.

అప్పుడు మొదలైంది అసలు బేరం. ఏజెంట్లిద్దరూ ఇంకా చేతులు కడుక్కోలేదు, నీళ్ళచెంబు ఇన్నమ్మ వెనకుంది. రంగులు పుయ్యకుండా, ఏరకుండా, గోడౌన్లో ఉన్న మూట ఉన్నట్టు కావాలంది. తోట మొత్తం కొన్నట్టు. ఏరుకోవడం మా పని, కాబట్టి ఏరిన సరుకు ధర ఇచ్చేది లేదంది. ఆంజనేయులు ధర తగ్గిస్తానన్నాడు గానీ ఇచ్చింది వెనక్కి తీసుకోనన్నాడు. పరదేశి కాసేపు అరచేతులు చూసుకున్నాడు.

"మీకు మచ్చుకిచ్చినవి వేరే కొన్న మంచి సరుకు. ఈ మూటలో ఏది వేడికి ఆగుద్దో నాకు తెలీదమ్మా. మా దగ్గర ఈ పరీక్ష లేదు. మీరు గడ్డిలో పెట్టి పనికిరాదన్నవి నేను తిరిగి పట్టుకుపోతాను. చలి ఊళ్ళల్లో అమ్ముకుంటాను" అన్నాడు.

ఇన్నమ్మ చెంబు ముందు ఆయనకిచ్చింది.

సాయంత్రం శౌరి అన్నాడు. "పరదేశి దగ్గర రెండొందలు కొనడం సరే. ఆ ఆంజనేయులు దొంగ దగ్గర కూడా వంద ఎందుకత్తా?"

"ఒక్కడి దగ్గరే కొంటే వాడు వారం తిరక్కుండా ఆంజనేయులైపోతాడు బాబూ. ఇద్దరుండాలి. ఒకడికి ఇంకొకడంటే భయముండాలి" అంది ఇన్నమ్మ.

ఆవిడ అంతటితో ఆగలేదు. సరుకు దింపడానికి వచ్చినప్పుడు ఆంజనేయులుతో, 'నెమలి వాళ్ళది బాగా నిలబడుతోందండీ' అని నిట్టూర్చింది. పరదేశితో, 'గరుడ వాళ్ళు ఈసారి మంచివే పంపారు' అంది. ఇద్దరూ మర్నాడు ఇంకో పాతిక పాతిక కొసరు పట్టుకొచ్చారు.

మూడు వందల యాభై ట్రాన్సిస్టర్లు, పదిహేను రోజులు. ఇన్నమ్మ రోజూ ఒక మూట గడ్డిలో పెట్టడం, మర్నాడు మధ్యాహ్నం ముల్లు చూడటం. ఎండ లేని రోజు పరీక్ష చెయ్యనంది. రెండు రోజులు మబ్బుపట్టి పని ఆగింది. నిలబడ్డవి టాకా పెట్టే బల్ల మీదకి, పడిపోయినవి పరదేశి డబ్బాలోకి. పదిహేను రేడియోలకి ఏడేసి చొప్పున నూట ఐదు కావాలి.

ఆఖరి మధ్యాహ్నానికి నూట నాలుగు దొరికాయి.

మూట అడుగున ఒకటుంది. ముల్లు గీతని దాటిందని కూడా అనలేం, గీత మీద నిలబడి అవతలకి ఒక కాలు వేసింది. మర్నాడు పొద్దున పది గంటలకి సమితి ఆఫీసులో అప్పగించాలి. శౌరి ముందు గదిలో పెట్టెలకి వార్నిష్ వేస్తూ ఈలపాట పాడుకుంటున్నాడు. ఇన్నమ్మ ఆ ట్రాన్సిస్టర్‌ని వేళ్ళ మధ్య తిప్పింది. ఒక్కటే కదా. మిగతా ఆరూ గట్టివే కదా. పదిహేనూ ఒక్కసారే ఇవ్వాలన్నారు కదా. ఇలా ఒక అరడజను కదాలు అనుకుని, దాన్ని పదిహేనో రేడియోలో పెట్టి టాకా వేసేసింది. ఆ టాకా ఎంతో అందంగా వచ్చింది. శౌరికి చెప్పలేదు.

సమితి ఆఫీసు వరండాలో పదిహేను రేడియోలు వరసగా పెట్టారు. ఎక్స్‌టెన్షన్ ఆఫీసరు డేవిడ్ రాజు గారు నెమ్మదస్తుడు, రూలు తప్పని మనిషి. కాయితం తీసి కళ్ళజోడు పెట్టుకున్నారు.

"ఇక్కడ ట్రాన్సిస్టర్ల కంపెనీ పేరు రాయాలండీ. రెండు వేసవులకి పూచీ ఎవరో వాళ్ళ సంతకం కావాలి."

ఏజెంట్లు ఇద్దరూ పూచీ అనేసరికే బస్సెక్కేసిన సంగతి శౌరికి తెలుసు. అతను దానికి సిద్ధపడే వచ్చాడు. గొంతు సవరించుకున్నాడు. "కొన్నది ఇద్దరి దగ్గరండీ. ఏది ఉంచాలో ఏది తియ్యాలో చెప్పింది మాత్రం ఈవిడ. ప్రతి టాకా కూడా ఈవిడదే. పూచీ ఈవిడ పేరే రాయండి" అని ఇన్నమ్మని ముందుకు నెట్టాడు. వరండాలో గుమాస్తాలంతా చూస్తున్నారు. అతని మొహం వెలిగిపోతోంది. ఏడాదిగా మింగలేక కక్కలేక ఉన్నది తీర్చుకున్నానని అతని సంబరం.

ఇన్నమ్మ మిషన్ బడిలో మూడో తరగతి దాకా చదివింది, సంతకం వచ్చు. కలం పట్టుకుంది. కాయితం మీద పదిహేను అని రాసుంది.

"పద్నాలుగింటికే పెడతానండీ" అంది.

"అదేంటి?" అన్నారు డేవిడ్ రాజు గారు.

"ఆ చివరిది వద్దండీ."

శౌరి మొహంలో వెలుగు ఆరిపోయింది. "అత్తా, ఏంటి నువ్వనేది? పదిహేనూ ఇవ్వకపోతే అసలు తీసుకోరు" అన్నాడు పళ్ళ మధ్య నుంచి.

డేవిడ్ రాజు గారు చివరి రేడియో తిప్పారు. అది గంటలా మోగింది. మిగతా వాటికన్నా బాగానే ఉందే అన్నాడో గుమాస్తా. "రెండింటిదాకా ఆగండి" అంది ఇన్నమ్మ. సరే చూద్దామని పదిహేనింటినీ వరండా చివర ఎండలో పెట్టించారు. రెండయింది. పదిహేనూ పాడుతున్నాయి. రెండుంబావు. పాడుతున్నాయి. గుమాస్తాలు ముసిముసిగా నవ్వారు. డేవిడ్ రాజు గారి చొక్కా వీపుకి అంటుకుపోయింది. "పెద్దావిడా, మీకు లేనిపోని అనుమానంలా ఉంది. పెట్టెయ్యండి సంతకం, అన్నం తినాలి" అన్నారు.

ఒక్క గీత గీస్తే అయిపోతుంది. సాక్షాత్తూ ఆఫీసరే పెట్టమంటున్నాడు. ఇన్నమ్మ కలం మూత పెట్టేసి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. శౌరి మెట్టు మీద తల పట్టుకున్నాడు.

రెండున్నర దాటింది. వ్యవసాయ కార్యక్రమంలో ఎవరో కొబ్బరి ఎరువుల గురించి చెప్తున్నాడు. పద్నాలుగు గొంతులు యూరియా అన్నాయి. పదిహేనోది యూ అని సాగదీసి, నాలుక మడతపడి, మూలిగి ఊరుకుంది.

వరండాలో ఎవరూ నవ్వలేదు. డేవిడ్ రాజు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మీకెలా తెలుసు?" అన్నారు.

"నేనే పెట్టానండీ. బాలేదని తెలిసే పెట్టాను" అంది ఇన్నమ్మ. ఆ మాటకి ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి.

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "సరుకిచ్చేవాళ్ళు నోటితో ఆ మాట అనగా ఇరవయ్యేళ్ళ సర్వీసులో వినలేదమ్మా" అన్నారు. రూలు తప్పని ఆ మనిషి కాయితం మీద పదిహేను కొట్టేసి పద్నాలుగు వేశారు, పక్కన పదిహేనోది పదిరోజుల్లో అని రాశారు. "పోనీ ఇది మా ఆఫీసులో ఉంచుతారా? రెండున్నర తర్వాత ఇక్కడ మాత్రం ఎవడు మేలుకుని ఉంటాడు గనక" అని గుమాస్తాల వైపు ఓరగా చూశారు. ఇన్నమ్మ ఒప్పుకోలేదు. ఒక్కో అక్షరం దిద్దుకుంటూ సంతకం పెట్టి, ఆ రేడియోని చంకన పెట్టుకుని మెట్లు దిగింది.

ఇద్దరూ బస్టాండు దాకా నడిచారు. నూజివీడు వీధిలో కుక్క కూడా లేదు, అంత ఎండ.

"నాకు ఒక్క మాట చెప్పొచ్చుగా అత్తా" అన్నాడు శౌరి చివరికి.

"భయమేసింది బాబూ. ఇది పోతే మళ్ళీ ఆ కొట్టుకి పోవాలని భయమేసి, నరసింహులు చేసే పనే చేశాను" అంది. 

శౌరి ఆవిడ చంకలోంచి రేడియో తీసుకున్నాడు.

"నరసింహులైతే పదిహేనింటికీ సంతకం పెట్టేవాడు" అన్నాడు.